ఆటోలో మాయ

నర్సు రెండు చోట్ల సంతకం పెట్టించుకుంది.
బిడ్డకి ఒకటి. దీనికి ఒకటి.
"నాలుగ్గంటల్లోపు చేర్చెయ్యండి సార్" అంది,
పాలు విరిగిపోతాయన్నట్టుగా.

నీలం ఐసుపెట్టె.
పోయినేడు నందికొండకి బీర్లు మోసింది ఇదే.
ఎనిమిదో నెల కడుపుతో మృదుల దాన్ని
మూడుసార్లు కడిగింది, వేణ్ణీళ్ళతో, నిమ్మ సబ్బుతో.
మూత మీద ఎవడో స్కెచ్‌పెన్నుతో రాసిన 'చియర్స్'
సగమే పోయింది.

జయనగర్ నుంచి కుక్ టౌన్‌కి.
ఆటో నయాజ్ అద్దంలోంచి చూశాడు.
"మీనా సార్?"
చేపలా, అని.
అవునన్నాను.
తొమ్మిది నెలలు నీళ్ళ పక్కనే ఉంది, మరీ అబద్ధం కాదు.
"ఎంత పడింది?"
పద్నాలుగు గంటలు, అని నోటిదాకా వచ్చింది.

విల్సన్ గార్డెన్ దగ్గర అన్నీ ఆగిపోయాయి.
పెట్టె ఒళ్ళో. చల్లదనం ప్యాంటులోంచి తొడలకి పాకింది.
మూత తియ్యలేదు.
చూసింది ఒక్కసారే, స్టీలు ట్రేలో:
ఒకవైపు పచ్చి కాలేయం,
రెండోవైపు
వాన వెలిశాక ఇసుకలో మిగిలే గీతల్లాంటి నరాలు.
డాక్టరమ్మ దాన్ని తిరగేసి, మళ్ళీ తిరగేసి,
అట్టు కాలిందో లేదో చూసినట్టు చూసి
"పూర్తిగా వచ్చేసింది" అంది.
ఆ మాట నేను బిడ్డ గురించి అనుకున్నాను.

మన భాషలో దీని పేరు మాయ.
ఎవరు పెట్టారో.
కళ్ళ ముందున్నదాన్ని లేదనే మాటనే తెచ్చి
ఉన్నన్నాళ్ళూ కనపడనిదానికి పెట్టారు.

నా మాయ సామర్లకోటలో, ఫ్యాక్టరీ క్వార్టర్స్ వెనక.
మా నాన్న కొత్త ముంతలో పెట్టి, పసుపు చల్లి,
కుక్కలు తవ్వకుండా పైన బండ దొర్లించాడట.
"మోకాలి లోతు తవ్వాను" అనేవాడు ఎవరొచ్చినా,
నా పెంపకంలో తన వాటా అదే అన్నట్టు.
ఇప్పుడక్కడ లారీలు ఆపుతున్నారు.

నాకు తవ్వడానికి నేల లేదు.
మాది పదకొండో అంతస్తు.
బాల్కనీలో ఒక్క కరివేపాకు కుండీ,
అదీ ఏడుపు మొహమే.

బోజమ్మ గారి వంటింట్లో అల్లం వాసన.
ఆవిరి మీద ఉడికిస్తారట, పలుచగా తరుగుతారట,
రాత్రంతా ఆరబెట్టి, పొడికొట్టి, గొట్టాల్లో నింపుతారట.
"పని చేస్తుందా అండీ?"
"చేసిందనేవాళ్ళున్నారు. డాక్టర్లు ఋజువు లేదు, వద్దంటారు.
శుభ్రంగా చేస్తాను. అంతవరకే నా పూచీ."

నూట పదమూడు వచ్చాయి. గాజు సీసా,
మెడకి జనపనార ముడి.
ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి పక్కన పెట్టాం.

మృదుల పూటకొకటి చొప్పున ఆరు రోజులు మింగింది.
ఏడో రోజు బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది.
నీళ్ళ చప్పుడుకి వినపడదనుకుంది.
నేనూ విననట్టే ఉన్నాను, మూడు రోజులు.

పదోరోజు తలుపు కొట్టాను.
"మందు పని చెయ్యట్లేదా?" అన్నాను,
తెలివితక్కువవాణ్ణి.
"అదీ నాలోంచి వచ్చిందేగా" అంది.
"నాకు తెలియంది దానికేం తెలుస్తుంది?
నువ్వు తెలుసుకో కాస్త."

అప్పట్నుంచి రాత్రి రెండు గంటల పాలసీసా నాది.
బుధవారాలు ఇద్దరం ఒక డాక్టరు ముందు కూర్చుంటాం.
ఆవిడ అడుగుతుంది. మృదుల చెబుతుంది, లేదా చెప్పదు.
నేను టిష్యూల డబ్బా జరుపుతాను.

సీసాలో నూటొక్కటి ఉండాలి.
నూరే ఉన్నాయి.
మొన్న తెల్లవారుజామున, పాప భుజం మీద నిద్రపోయాక,
ఫ్రిజ్ వెలుతురులో నిలబడి
ఒకటి మింగాను.
ఏ రుచీ లేదు.
గొంతులో కాస్త అడ్డుపడింది,
రెండు గుక్కలు నీళ్ళు తాగితే దిగింది.